నేదురుమల్లి జనార్ధన రెడ్డి: వాకాడు నుంచి ముఖ్యమంత్రి పీఠం దాకా, చదువు సీటు చుట్టూ తిరిగిన రాజకీయ జీవితం

నాయుడుపేట, గూడూరు, కోట, వాకాడు, వెంకటగిరి. ఈ ఊళ్లల్లో యాభై ఏళ్లు దాటినవాళ్లను "మన వైపు నుంచి ముఖ్యమంత్రి అయిందెవరు?" అని అడిగితే వెంటనే చెప్పే పేరు నేదురుమల్లి జనార్ధన రెడ్డి. ఆయన రాజ్యసభ సభ్యుడు, శాసనమండలి సభ్యుడు, ఎమ్మెల్యే, మంత్రి, ముఖ్యమంత్రి, లోక్‌సభ సభ్యుడు. చట్టసభల్లో ఉండే మెట్లు దాదాపు అన్నీ ఎక్కిన మనిషి. అయితే ఇప్పటి పిల్లలకు ఆయన పేరు తెలియకపోయినా, ఆయన హయాంలో మొదలైన ఒక పెద్ద గొడవ మాత్రం వాళ్ల జీవితాల్లో ఇంకా ఉంది. అదే ప్రైవేటు కాలేజీలో సీటు, దానికి కట్టే ఫీజు.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లే ప్రతి కుటుంబం ఈ రోజు కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్, బీసీ-ఈ అనే మాటలు వింటోంది. ఇవి ఎక్కడినుంచి వచ్చాయో తెలియాలంటే 1992లో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో తెలియాలి. దానికి జనార్ధన రెడ్డి జీవితమే దగ్గర దారి.

ఒక్క చూపులో

పుట్టిన తేదీ: 1935 ఫిబ్రవరి 20
సొంతూరు: వాకాడు (అప్పటి నెల్లూరు జిల్లా)
పార్టీ: భారత జాతీయ కాంగ్రెస్
మొదటి చట్టసభ: రాజ్యసభ, 1972 నుంచి 1978 వరకు
ఎమ్మెల్యే: వెంకటగిరి, 1989
ముఖ్యమంత్రి: 1990 డిసెంబరు 17 నుంచి 1992 అక్టోబరు 9 వరకు
లోక్‌సభ: 1998లో బాపట్ల, 1999లో నరసరావుపేట, 2004లో విశాఖపట్నం
మరణం: 2014 మే 9

ఊరు, ప్రాంతం

స్వర్ణముఖి నది శ్రీకాళహస్తిని, నాయుడుపేటను దాటి వాకాడు వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. నది పైన మన ఊరు ఉంటే, నది చివర వాకాడు ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అంతకు ముందు ఇవన్నీ నెల్లూరు జిల్లాలోవే. అందుకే పాత పత్రికల్లో, పుస్తకాల్లో ఆయన్ను "నెల్లూరు నాయకుడు" అని రాస్తారు.

నెల్లూరు జిల్లా నుంచి అంతకు ముందు బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రిగా చేశారు. కాకపోతే అది 1955, 1956 నాటి మాట, ఆంధ్ర రాష్ట్రం రోజులు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ జిల్లా నుంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు జనార్ధన రెడ్డే. ఆ తర్వాత తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చంద్రబాబు నాయుడు, కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రులయ్యారు.

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు

చాలామంది నాయకులు ఊరి పంచాయతీతో మొదలుపెట్టి పైకి వెళ్తారు. ఈయన చట్టసభ జీవితం 1972లో రాజ్యసభతో మొదలైంది. ఆరేళ్లు అక్కడ ఉండి, 1978లో రాష్ట్ర రాజకీయాల్లోకి వచ్చారు. శాసనమండలి సభ్యుడై మంత్రి పదవి అందుకున్నారు.

1978 నుంచి 1983 మధ్య కాంగ్రెస్ ఈ రాష్ట్రంలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి. ముఖ్యమంత్రులు మారిపోతున్నా పార్టీలో తన చోటు కాపాడుకున్న కొద్దిమందిలో జనార్ధన రెడ్డి ఒకరు. సభలో గొంతు పెంచి మాట్లాడే రకం కాదు, పార్టీ లోపల లెక్కలు తెలిసిన మనిషి అని అప్పటివాళ్లు చెప్పుకునేవారు.

1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో కాంగ్రెస్ ఓడింది. 1985లో శాసనమండలి కూడా రద్దయింది. ఆ ప్రతిపక్ష కాలంలో ఆయన పార్టీ పనిలో ఉన్నారు, ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా కూడా చేశారు. 1989 ఎన్నికల్లో వెంకటగిరి నుంచి శాసనసభకు గెలిచారు. కాంగ్రెస్ తిరిగి అధికారంలోకి వచ్చింది, చెన్నారెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు, ఆ మంత్రివర్గంలో జనార్ధన రెడ్డి కూడా చేరారు.

వెంకటగిరి చేనేతకు పేరున్న ఊరు, పాత జమీందారీ. 1985లో ఆ రాజకుటుంబానికి చెందిన సాయికృష్ణ యాచేంద్ర తెలుగుదేశం తరఫున అక్కడ గెలిచారు. 1989లో జనార్ధన రెడ్డి గెలిచారు. 1994లో మళ్లీ యాచేంద్రే గెలిచారు.

1990 డిసెంబరు: అల్లర్ల మధ్య ప్రమాణం

ఆయన ముఖ్యమంత్రి అయిన సందర్భం మామూలుది కాదు. 1990 చివరి నెలల్లో హైదరాబాద్‌లో మతకల్లోలాలు చెలరేగాయి. అయోధ్య వివాదంతో దేశమంతా ఉద్రిక్తంగా ఉన్న రోజులవి. పాతబస్తీలో, చుట్టుపక్కల కత్తిపోట్లు, కర్ఫ్యూ. వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రెండు వైపులా కుటుంబాలు నాశనమయ్యాయి. సొంత పార్టీలోని ముఠా తగాదాలే మంటకు ఆజ్యం పోశాయన్న మాట అప్పట్లో గట్టిగా వినబడింది. చెన్నారెడ్డి దిగిపోవాల్సి వచ్చింది. 1990 డిసెంబరు 17న జనార్ధన రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఆ డిసెంబరు ఇంకా గుర్తే. హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలు, పనికి వెళ్లినవాళ్లు ఎలా ఉన్నారో తెలియక ఊళ్లల్లో అందరూ రేడియో ముందు కూర్చున్న రోజులు. కొత్త ముఖ్యమంత్రికి మొదటి పరీక్ష శాంతిభద్రతలే.

ముఖ్యమంత్రిగా దాదాపు 22 నెలలు

ఆయన పాలనాకాలం తక్కువ. అయినా రాష్ట్ర చరిత్రలో నిలిచిపోయిన నాలుగైదు ఘటనలు ఆ 22 నెలల్లోనే పడ్డాయి.

నంద్యాల ఉప ఎన్నిక: 1991లో పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. ఆయన అప్పటికి పార్లమెంటు సభ్యుడు కాదు. ఆ ఏడాది నవంబరులో నంద్యాల నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. రాష్ట్రంలో కాంగ్రెస్ ముఖ్యమంత్రి, కేంద్రంలో తెలుగు ప్రధాని. జనార్ధన రెడ్డికి అంతకన్నా అనుకూలమైన కాలం లేదు.

చుండూరు: 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో అగ్రకులాలవాళ్లు దళితులపై దాడి చేసి ఎనిమిది మందిని చంపారు. ఈ ఘటన ప్రభుత్వానికి పెద్ద మచ్చ. బాధితులు పట్టుబట్టడంతో తర్వాతి కాలంలో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ జరిపారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. బలహీనవర్గాలకు న్యాయం అందడానికి ఎంత కాలం పడుతుందో, అందాక కూడా ఎలా చేజారుతుందో చెప్పడానికి ఈ కేసును ఇప్పటికీ ఉదాహరణగా చూపిస్తారు.

నక్సలైట్ల నిషేధం: 1992 మేలో పీపుల్స్‌వార్ పార్టీని ఆయన ప్రభుత్వం నిషేధించింది. ఈ నిర్ణయం తర్వాతి రోజుల్లో ఆయన వెంటపడింది. ఆ సంగతి కింద చూద్దాం.

సారా వ్యతిరేక పోరాటం: ముఖ్యమంత్రి సొంత జిల్లాలోనే ఇది పుట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చే ఆడవాళ్లు, వాచకంలో చదివిన ఒక పాఠం గురించి మాట్లాడుకుంటూ, మగవాళ్ల కూలి డబ్బంతా సారా దుకాణానికి పోతోందని తేల్చుకున్నారు. ఊళ్లో సారా రానివ్వలేదు. 1992లో ఆ ఉద్యమం జిల్లా దాటి పాకింది. సారా వేలంపాటలే ఆపించారు. ప్రభుత్వానికి అబ్కారీ రాబడి ముఖ్యం, ఆడవాళ్లకు ఇల్లు ముఖ్యం. చివరికి ఆడవాళ్లే గెలిచారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పటికి జనార్ధన రెడ్డి పదవిలో లేరు, కోట్ల విజయభాస్కర రెడ్డి ఉన్నారు.

ఈ నాలుగింటినీ పక్కన పెడితే, ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది చదువు. మంచికైనా చెడుకైనా అదే.

చదువు: విద్యానగర్ కథ

కోట మండలంలో విద్యానగర్ అనే ఊరుంది. పేరే చెబుతోంది, కాలేజీల చుట్టూ పెరిగిన ఊరని. నేదురుమల్లి బాలకృష్ణారెడ్డి పేరు మీద అక్కడ 1979లో ఎన్‌బీకేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. ఆ సంఖ్య ఒకసారి గమనించండి. రాష్ట్రంలో మొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ విజయవాడలోని సిద్ధార్థ కాలేజీ, 1977లో వచ్చింది. హైదరాబాద్‌లో సీబీఐటీ 1979లో, సుల్తాన్-ఉల్-ఉలూమ్ సొసైటీవాళ్ల ముఫఖ్ఖమ్ జా కాలేజీ 1980లో మొదలయ్యాయి. అంటే మహానగరాల్లో కాలేజీలు పుడుతున్న ఏళ్లలోనే, గూడూరు పక్కన చిన్న ఊళ్లో కూడా ఒకటి పుట్టింది.

అంతకు ముందు మన వైపు కుర్రాడు ఇంజనీరు కావాలంటే తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కొద్ది సీట్లలో ఒకటి రావాలి. లేదా మద్రాసు, హైదరాబాద్ పోవాలి. ఇంటినుంచి అంత దూరం పంపే స్తోమత చాలా కుటుంబాలకు లేదు, ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలేజీ దగ్గరికి వస్తే పిల్ల బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఈ ప్రాంతంలో ఎన్‌బీకేఆర్‌కు ఇంత పేరు రావడానికి కారణం ఇదే.

"ప్రభుత్వం ఒక్కటే ఇన్ని కాలేజీలు పెట్టలేదు, ప్రైవేటువాళ్లు పెడితే పెట్టనివ్వాలి" అన్న ఆలోచనకు నేల ఇలా సిద్ధమైంది. 1992లో అదే ఆలోచన ప్రభుత్వ విధానమై కోర్టు మెట్లెక్కింది.

క్యాపిటేషన్ గొడవ

క్యాపిటేషన్ అంటే ఫీజు కాకుండా సీటు కోసం ముందుగా కట్టే మొత్తం. మన వాడుకలో డొనేషన్. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. ర్యాంకును బట్టి సీటు అన్న పద్ధతి స్థిరపడింది.

కానీ రాష్ట్రంలో సీట్లు తక్కువ. డబ్బున్నవాళ్లు కర్ణాటక, మహారాష్ట్ర వెళ్లి లక్షలు కట్టి మెడిసిన్, ఇంజనీరింగ్ చదివేవారు. "మన డబ్బు పక్క రాష్ట్రాలకు పోవడమెందుకు, ఇక్కడే కాలేజీలకు అనుమతిద్దాం" అన్నది అప్పటి ప్రభుత్వ వాదన. వాదన వినడానికి బాగానే ఉంది. 1992లో జనార్ధన రెడ్డి ప్రభుత్వం 1983 చట్టాన్ని సవరించి 3-ఏ అనే సెక్షన్ చేర్చింది. ప్రైవేటు యాజమాన్యాలకు సీట్లు నింపుకోవడంలో వెసులుబాటు ఇచ్చింది. ప్రైవేటు వైద్య, దంతవైద్య కాలేజీలకు అనుమతులు కూడా ఇచ్చింది. ఆ అనుమతులు కావలసినవాళ్లకు ఇచ్చారన్న విమర్శ వెల్లువెత్తింది. విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి.

సరిగ్గా అప్పుడే సుప్రీంకోర్టులో మరో కేసు నడుస్తోంది. మీరట్‌కు చెందిన మోహినీ జైన్ అనే విద్యార్థినికి కర్ణాటక తుమకూరు దగ్గర ఒక ప్రైవేటు వైద్య కాలేజీలో సీటు వచ్చింది. ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు, కర్ణాటకవాళ్లకు 25,000, బయటి రాష్ట్రాలవాళ్లకు 60,000 దాకా వసూలు చేయొచ్చని అక్కడి ప్రభుత్వ నోటిఫికేషన్. 1992 జూలై 30న సుప్రీంకోర్టు, చదువు పౌరుడి హక్కు అనీ, క్యాపిటేషన్ వసూలు రాజ్యాంగ విరుద్ధమనీ తీర్పు చెప్పింది.

దాని తర్వాత రెండు నెలలు తిరక్కముందే మన హైకోర్టు ఫుల్‌బెంచ్ తీర్పు వచ్చింది. 1992 సెప్టెంబరు 18న 3-ఏ సెక్షన్‌ను, కాలేజీల అనుమతులను కొట్టేసింది. ఆ కేసులో ప్రతివాదిగా ముఖ్యమంత్రి పేరే ఉంది. తీర్పు ప్రభుత్వ తీరును తప్పుబట్టింది. అక్టోబరు 9న జనార్ధన రెడ్డి దిగిపోయారు.

తెలుగునాట ఇలాంటిది అంతకు ముందు ఒకసారి జరిగింది. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. కోర్టు మాటకు కుర్చీ దిగడం అప్పటి పద్ధతి. దాన్ని నైతికత అనండి, పార్టీ ఒత్తిడి అనండి. ఫలితం మాత్రం ఒకటే: అధికారంలో ఉన్నవాడు తీసుకున్న నిర్ణయానికి తానే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

తీర్పు తర్వాత మన పిల్లలకు ఏమైంది

గొడవ అక్కడితో ఆగలేదు. ఉన్నికృష్ణన్ కేసులో 1993 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు మన హైకోర్టు తీర్పును సమర్థించింది. పద్నాలుగేళ్ల వయసు దాకా చదువు ప్రాథమిక హక్కు అని తేల్చింది. ప్రైవేటు ప్రొఫెషనల్ కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అనే పద్ధతి పెట్టింది. తొంభైలలో ఇంజనీరింగ్ చదివినవాళ్లకు "నాది ఫ్రీ సీటు", "నాది పేమెంట్ సీటు" అనే మాటలు గుర్తుండే ఉంటాయి. అవి ఇక్కడినుంచే వచ్చాయి. రాజ్యసభ, లోక్‌సభ 2002లో 86వ సవరణ చేసి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను రాజ్యాంగంలో రాశాయి.

2002 అక్టోబరు 31న పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం టీఎంఏ పాయ్ కేసులో ఆ ఫ్రీ సీటు, పేమెంట్ సీటు పద్ధతిని పక్కన పెట్టింది. మైనారిటీలు తమ విద్యాసంస్థలు తామే పెట్టుకుని నడుపుకునే 30వ అధికరణ హక్కును కూడా అదే కేసులో పరిశీలించింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో స్థాపించిన ఉస్మానియా కాలేజీ నుంచి హైదరాబాద్‌లోని దక్కన్ వైద్య కాలేజీ దాకా మనవాళ్లు పెట్టుకున్న సంస్థలన్నిటికీ ఆ హక్కే పునాది. 2005లో ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది: యాజమాన్యానికి స్వేచ్ఛ ఉంటుంది గానీ క్యాపిటేషన్‌కు చోటు లేదు.

ఇక రిజర్వేషన్ సంగతి. దూదేకుల, నూర్‌బాషాలు మొదటినుంచీ బీసీ-బీలో ఉన్నారు. మిగతా ముస్లింలకు 2004లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం అయిదు శాతం ఇస్తే హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ చట్టం చేస్తే అదీ నిలవలేదు. 2007లో వెనుకబడిన పద్నాలుగు ముస్లిం వర్గాలను బీసీ-ఈగా గుర్తించి నాలుగు శాతం ఇచ్చారు. షేక్‌లు దీంట్లోకి వస్తారు, సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు రారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీన్నీ కొట్టేసింది. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగించి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ ఉత్తర్వు మీదే ఇప్పటికీ మన పిల్లలు సీట్లు తీసుకుంటున్నారు.

దాంతోపాటు వై.ఎస్. హయాంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్, పేరు ఎన్నిసార్లు మారినా, పేదింటి పిల్లకు ప్రైవేటు కాలేజీ తలుపు తెరిచింది. కన్వీనర్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్, బీసీ-ఈ మూడూ కలిస్తేనే నాయుడుపేటలో మెకానిక్ షాపు నడిపే తండ్రి కూతురు ఇంజనీరు కాగలుగుతోంది. మూడింటిలో ఒక్కటి తీసేసినా ఆ తండ్రి చేయి అప్పు పత్రం మీదికి పోతుంది.

ఢిల్లీ రాజకీయం, మందుపాతర

ముఖ్యమంత్రి పదవి పోయాక ఆయన రాజకీయాల నుంచి తప్పుకోలేదు. 1998లో బాపట్ల, 1999లో నరసరావుపేట, 2004లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. మూడు ఎన్నికలు, మూడు వేర్వేరు చోట్లు. సొంత ప్రాంతం వదిలి అంత దూరం ఎందుకు వెళ్లారని చాలామంది అడుగుతుంటారు. ఆ రోజుల్లో నెల్లూరు, తిరుపతి లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడు. సొంత జిల్లాలో ఆయనకు పార్లమెంటు పోటీకి చోటే లేదు. 2009 ఎన్నికలకు ముందు జరిగిన పునర్విభజనలో నెల్లూరు జనరల్ అయింది, తిరుపతి మాత్రం ఎస్సీ స్థానంగానే ఉంది.

వెంకటగిరిని కుటుంబం వదల్లేదు. భార్య రాజ్యలక్ష్మి 1999లో, 2004లో అక్కడినుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 2004లో వై.ఎస్. మంత్రివర్గంలో పాఠశాల విద్యాశాఖ చూశారు. భర్త పేరు కాలేజీ విద్యతో ముడిపడితే, భార్య చేతికి బడి చదువు వచ్చింది.

2007 సెప్టెంబరు 7న దంపతులిద్దరూ ప్రయాణిస్తున్న వాహనశ్రేణిపై విద్యానగర్ దగ్గర మావోయిస్టులు మందుపాతర పేల్చారు. ఇద్దరూ బయటపడ్డారు, వెంట ఉన్న ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. పదిహేనేళ్ల క్రితం పెట్టిన నిషేధాన్ని వాళ్లు మర్చిపోలేదని అప్పట్లో అందరూ అనుకున్నారు.

చివరి రోజుల్లో ఆయన మళ్లీ రాజ్యసభకు వెళ్లారు. 1972లో మొదలుపెట్టిన చోటికే చేరారన్నమాట. 2014 మే 9న హైదరాబాద్‌లో కన్నుమూశారు. రాష్ట్రం రెండుగా విడిపోవడానికి అప్పటికి మూడు వారాలే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, ఆ రాష్ట్రం పూర్తికాకముందే వెళ్లిపోయారు. కొడుకు రామ్‌కుమార్ రెడ్డి 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున వెంకటగిరిలో పోటీ చేసి ఓడిపోయారు.

ఆయన్ను ఎలా అంచనా వేయాలి

సానుకూలంగా చూసేవాళ్లు చెప్పేది: వెనకబడిన తీర ప్రాంతంలో కాలేజీలు తెచ్చిన కుటుంబం, గలాటా లేని పరిపాలకుడు, చట్టసభల అనుభవం నిండుగా ఉన్నవాడు. ప్రైవేటు కాలేజీల విషయంలో ఆయన తొందరపడ్డారు గానీ, ఆ దారి తప్పు కాదు, తర్వాత ప్రతి ప్రభుత్వమూ అదే దారిలో నడిచింది అంటారు.

విమర్శించేవాళ్లు చెప్పేది: దారి కాదు, దారికి కాపలా ముఖ్యం. ఎవరికి అనుమతి ఇవ్వాలి, ఎంత ఫీజు, పేదవాడికి ఎన్ని సీట్లు అన్నవి రాసిపెట్టకుండా తలుపులు తెరిస్తే డబ్బున్నవాడే లోపలికి వస్తాడు. కోర్టు చెప్పింది కూడా ఇదే. చుండూరు లాంటి ఘటనల్లో ప్రభుత్వం పేదవాడి పక్కన నిలబడలేకపోయిందన్నది మరో విమర్శ.

రెండు మాటల్లోనూ నిజముంది. 1979లో విద్యానగర్‌లో కాలేజీ వచ్చినందుకు ఈ ప్రాంతం బాగుపడింది. 1992 సవరణ అలాగే నిలిచి ఉంటే మన పిల్లల్లో చాలామంది ఆ కాలేజీ గేటు దాటేవాళ్లు కాదు. కాలేజీ కట్టినవాడు గొప్పవాడే, కానీ సీటు ఎవరికి దక్కుతుందో నిర్ణయించే నియమమే పేద కుటుంబాన్ని పైకి తెస్తుంది.

ఇప్పటి చర్చ, మన ప్రశ్నలు

ఈ కథ పాతబడలేదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం పది కొత్త వైద్య కాలేజీలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. ప్రతిపక్షం కోటి సంతకాల ఉద్యమం చేపట్టింది. ప్రభుత్వం చెప్పేది, సీట్లు త్వరగా వస్తాయని. ప్రతిపక్షం చెప్పేది, పేదవాడి సీటు పోతుందని. పేర్లు మారాయి, పార్టీలు మారాయి, ప్రశ్న మాత్రం 1992 నాటిదే.

నాయుడుపేట మండలం సూళ్లూరుపేట శాసనసభ నియోజకవర్గంలో ఉంది, అది ఎస్సీ రిజర్వుడు. 2014లో, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి కిలివేటి సంజీవయ్య గెలిచారు. 2024లో తెలుగుదేశం నుంచి నెలవల విజయశ్రీ గెలిచారు. ఆమె వైద్యురాలు. తిరుపతి ఎంపీ మద్దిల గురుమూర్తి. వీళ్లను గానీ, రేపు వచ్చేవాళ్లను గానీ కలిసినప్పుడు రోడ్డు, డ్రైనేజీ గురించి అడుగుతాం. అడగాల్సిందే. వాటితోపాటు ఇవి కూడా అడగాలి:

ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు కాలేజీకి సమయానికి చేరుతోందా? చేరకపోతే హాల్‌టికెట్, సర్టిఫికెట్ ఆపకుండా ఏం చేస్తారు?

ప్రైవేటు భాగస్వామ్యంలో వచ్చే వైద్య కాలేజీల్లో కన్వీనర్ సీట్లు ఎన్ని, ఫీజు ఎంత? ఈ లెక్క సభలో చెప్పించారా?

బీసీ-ఈ కేసు సుప్రీంకోర్టులో తుది విచారణకు వస్తే రాష్ట్ర ప్రభుత్వం గట్టి లాయరును, వెనుకబాటుకు తగిన లెక్కలను సిద్ధంగా ఉంచిందా?

ఇంజనీరింగ్‌లో సాధారణంగా 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో నిండుతాయి. ప్రైవేటు వైద్య కాలేజీల్లో కన్వీనర్ వాటా సగం. మిగతా సగంలో యాజమాన్య కోటా, ఎన్నారై కోటా ఉంటాయి. ఆ శాతాలు ఒక్కటి మారినా, ఆ మార్పు సభలో రెండు నిమిషాల్లో పాసైపోయినా, దాని బరువు మాత్రం మన ఇంటి మీద నాలుగేళ్లు ఉంటుంది.

తాలీమ్ విషయంలో ప్రజాప్రతినిధి మాట మనం వినడం కాదు, మన మాట ఆయన వినేలా చేయాలి. 1992లో విద్యార్థులు, లాయర్లు, తల్లిదండ్రులు ఊరుకోలేదు కాబట్టే ఒక చట్టం ఆగింది. ఫ్రీ సీటు అనే మాట పుట్టింది. నేదురుమల్లి జనార్ధన రెడ్డి జీవితం నుంచి నాయుడుపేట కుటుంబాలు గుర్తుంచుకోవాల్సింది ఆయన ఎక్కిన పదవుల జాబితా కాదు. ఎంత పెద్ద కుర్చీలో ఉన్నవాడు చేసిన నియమమైనా, అడిగేవాళ్లుంటే మారుతుంది అన్న సంగతి.